నడిమింట్ల ఎవరుండాలె?

ఇల్లు కట్టేదాక, ఇంటికి నడుమ అనేదొకటి ఉంటదని నాకు తెలియదు. నేను పుట్టి పెరిగింది గోదావరిఖనిలో, రెండర్రల క్వార్టర్లో. ముందర్ర, వెనకర్ర, ఆ వెనుక పొయ్యికింత జాగ. నైట్ షిఫ్ట్ దిగొచ్చిన బాపు పొద్దంతా ముందర్ర నడుమ పండుకునేవాడు. ఆయన నిద్ర చెడొద్దని మేము ముగ్గురు పిల్లలం గోడపొంటి పిల్లుల లెక్క నడిచేది. మా ఇంటి నడుమ ఎన్నడూ ఖాళీగా లేదు. అక్కడ బాపు ఉండె.

బాపు కోల్ ఫిల్లర్. 1980ల మొదట్లో తట్టా చెమ్మస్ పట్టి బాయిల దిగిండు. 2018లో రిటైరయ్యిండు. వచ్చిన పైసలకు నా లోన్ కలిపి, నూట ఇరవై గజాల జాగల 2021లో ఇల్లు లేపినం. నేను సర్కారు బడిలో సోషల్ చెప్పే పంతుల్ని. మా ఇంటిపేరు మీద డిగ్రీ రాసుకున్న మొదటోన్ని. ఎనిమిదో తరగతి పిల్లలకు రాజ్యాంగం పాఠం చెప్పి, అదే సాయంత్రం వాస్తు చూసే ఆయన దగ్గరికి పోయిన. నన్నెవరూ బలవంతపెట్టలేదు. ఈ మాట ముందే ఒప్పుకుంటున్న.

ఆయన టేపు, దిక్సూచి పట్టుకొని వచ్చిండు. కాయితం మీద నిలువు తొమ్మిది, అడ్డం తొమ్మిది, మొత్తం ఎనభై ఒక్క గడులు గీసిండు. నడిమి తొమ్మిది గడుల చుట్టూ ఎర్ర పెన్నుతోని గీత కొట్టిండు.

"ఇది బ్రహ్మస్థానం సార్. ఇంటికి బొడ్డు లాంటిది. ఇక్కడ పిల్లర్ రావద్దు, బరువు పడద్దు, మంచం అసలే వద్దు. ఎంత ఖాళీగ ఉంచితే అంత సల్లగుంటరు."

తలూపిన. మేస్త్రి నడిమి పిల్లర్ తీసేసి బీము మందం పెంచిండు. దానికి తగ్గట్టు ఖర్చూ పెరిగింది.

ఇంట్లకు వచ్చినంక బాపు తన మంచం తెచ్చి సరిగ్గ ఆ నడుమనే వేసుకున్నడు. ఆయనకు ఆయాసం. ముందు దర్వాజకూ వెనక దర్వాజకూ మధ్య గాలి పారేది అక్కడే. రెండు నెలలు బాగనే గడిచినయి. తర్వాత బిడ్డకు జ్వరమొచ్చి వారం దాక తగ్గలేదు. చూడొచ్చిన మా బామ్మర్ది మంచం దిక్కు చూసి, "బావా, బ్రహ్మస్థానంల మంచమేంది? చదువుకున్నోనివి, నీకు తెల్వదా?" అన్నడు.

చదువుకున్నోడు అన్న మాట పొడిచినట్టయింది. మర్నాడే మంచాన్ని నైరుతి అర్రలకు మార్చిన. ఇంటి పెద్ద నైరుతిల ఉంటే మంచిదని వాస్తుల ఉన్నదని బాపుకు చెప్పిన. ఆ అర్రకు ఒక్కటే చిన్న కిటికీ. బాపు ఏమనలేదు. మెత్త, ఇన్‌హేలర్, చెంబు పట్టుకొని పోయిండు. బిడ్డకు జ్వరం తగ్గింది. మందులతోనే తగ్గిందని నాకు తెలుసు. కానీ నా మనసు ఆ లెక్కను మంచం ఖాతాలనే రాసుకున్నది.

ఎండకాలం ఒక రాత్రి కరెంటు పోయింది. లేచి చూస్తే చీకట్ల, హాలు నడుమ, ఉత్త బండల మీద బాపు కూసొని ఉన్నడు.

"ఏంది బాపూ, ఇక్కడ కూసున్నవ్?"

"లోపల గాలాడ్తలేదు బిడ్డా."

"నడుమ ఖాళీ ఉంచమన్నరు గద..."

ఆయన ఊపిరి తీసుకున్నంక మెల్లగ అన్నడు: "ఖాళీ మంచిదేరా. బాయిల గాలి కోసం ముప్పై ఏండ్లు కొట్లాడినోన్ని, నాకు తెల్వదా? మనిషి తిరగనీకి ఉంచే ఖాళీ గ్యాలరీ. మనిషిని ఎల్లగొట్టి ఉంచే ఖాళీ గోఫ్."

బాయి ముచ్చట తెలియనివాళ్ళకు ఈ మాట విప్పి చెప్పాలె. భూగర్భ గనిలో ముందు నిలువు, అడ్డం దారులు తొవ్వుతరు. అవి గ్యాలరీలు. వాటి మధ్య బొగ్గును దిమ్మెల లెక్క వదిలిపెడతరు. అవి పిల్లర్లు. పైకప్పును మోసేది అవే. చివరికి ఆ పిల్లర్లను కూడా తీసుకుంటూ వెనక్కి వస్తరు. అట్ల ఖాళీ అయిన జాగనే గోఫ్. దాన్ని కూలనిస్తరు, లేకపోతే గోదావరి ఇసుకను నీళ్ళతోని పంపి నింపుతరు. అక్కడికి మనిషి పోవద్దని అడ్డం కడతరు. ఆ ఖాళీలో నీళ్ళు చేరితే ఏమైతదో మా ఊరు 2003 జూన్ 16న చూసింది. పాత పనుల్లో నిలిచిన నీళ్ళు మీద పడి 7 ఎల్‌.ఈ.పి. గనిలో 17 మంది పోయిండ్రు. మా ప్రాంతపోళ్ళకు ఖాళీ అంటే శాంతి ఒక్కటే గుర్తుకు రాదు.

బాపు మాట నన్ను నిద్రపోనియ్యలేదు. ఈ నియమం ఎక్కడిదో చూద్దామని పుస్తకాలు తీసిన. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడి బృహత్సంహితలో వాస్తువిద్య మీద ఒక అధ్యాయమే ఉన్నది. ఎనభై ఒక్క గడులు అందులో ఉన్నయి. నడుమ బ్రహ్మ ఉన్నడు. సుఖం కోరే గృహస్థు ఆ నడిమి జాగను ఎంగిలి వంటివి తగలకుండ కాపాడుకోవాలని ఉన్నది. అదే అధ్యాయంలో నేల రంగులు కూడా ఉన్నయి. బ్రాహ్మణులకు తెల్లది, క్షత్రియులకు ఎర్రది, వైశ్యులకు పచ్చది, శూద్రులకు నల్లది. ఇంటి వెడల్పుకు కూడా కులమే కొలత. బ్రాహ్మణుడికి 32 మూరల నుంచి మొదలై, నాలుగేసి మూరలు తగ్గుకుంట 16 దాక దిగుతది. మరీ హీనులకు అంతకన్న తక్కువ. మాకు నేల రంగే లేదు. మేము ఆ చివరి మాటలో ఉన్నం.

ఎంగిలి అనే మాట దగ్గర ఆగిపోయిన. మా నాయినమ్మ పెళ్ళై వచ్చిన కొత్తల ఊరి దొర ఇంటికి వెట్టికి పోయేదట. నడుమ ఆకాశం కనబడే పెద్ద భవంతి అది. ఆమె ఊడ్చింది బయటి వాకిలి. గేటు దగ్గర నిలబడి తెచ్చుకున్నది ఎంగిలి కూడు. "లోపల నడుమ వాన పడ్తదట బిడ్డా, చుట్టూత కూసొని చూస్తరట" అని చెప్పేది. 'అట' అనే చెప్పేది. అన్నేండ్లు ఆ ఇంటికి పనిచేసి ఆమె ఆ నడుమను చూడలేదు. వాళ్ళ నడుమ ఎంగిలి పడకుండ ఉండాలంటే, ఆ ఎంగిలి తినేటోళ్ళు గేటు బయట ఉండాలె.

ఊరు కూడా అట్లనే కట్టింది. ఊరి నడుమ బొడ్రాయి, ఊరి బొడ్డు. దాన్ని నిలబెట్టే పండుగకు డప్పు కొట్టింది మా తాత. కొట్టి మళ్ళ వాడకే వచ్చిండు. మా మాదిగవాడ ఊరి చివర. వాస్తు చూసే ఆయన 'బొడ్డు' అన్నప్పుడే నాకు ఆ రాయి గుర్తుకు రావలసి ఉండె. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో ఊరిని ఆదర్శమని పొగిడేవాళ్ళను అంబేద్కర్ ఎందుకు అంత కటువుగా ఖండించిండో నేను పిల్లలకు చెప్తనే ఉంట. అదే ఊరి పటాన్ని చిన్నగ చేసి నా ఇంట్ల గీయించుకున్న.

మరి నడుమ ఖాళీ అనేదే తప్పా? మా మిత్రుల్లో కొందరు అట్లనే అంటరు, అది వాళ్ళది, ఉమ్మెయ్యాలని. కొత్తగ ఇండ్లు కట్టిన ఉద్యోగస్తులు ఇంకో తీరుగ అంటరు. "మంచివన్నీ వాళ్ళకేనా? మనమూ వాస్తు ప్రకారం ఉండొద్దా?" అని. 2023 ఏప్రిల్ 30న మొదలైన రాష్ట్ర సచివాలయానికి అంబేద్కర్ పేరు పెట్టిండ్రు. దాని కట్టుబడి ముచ్చట్ల వాస్తు మాట కూడా గట్టిగనే వినబడ్డది. ఇద్దరినీ ఒకే కప్పు కింద కూసోబెట్టుకున్న కాలం మనది. నేను ఒక్కన్నే ఈ గందరగోళంల లేను.

నాకైతే గాలి మీద కోపం లేదు. రామగుండం ఎండల నడుమ బయలున్న ఇల్లు ఎంత సుఖమో చెప్పనక్కరలేదు. మొహెంజొదారోలో నాలుగు వేల ఏండ్ల కిందటి ఇండ్లు కూడా నడుమ వాకిలి పెట్టుకొని కట్టినవే. గాలికి, వెలుతురుకు ఎవడి జంధ్యమూ లేదు. దిక్కుల భయమైతే క్వార్టర్లలనే తీరిపోవాల్సింది. మా లైన్ దర్వాజలు తూర్పుకు, ఎదురు లైన్ దర్వాజలు పడమరకు. క్వార్టర్ సీనియారిటీని బట్టి వచ్చేది, దిక్కును బట్టి కాదు. చావులు, పెండ్లిళ్ళు రెండు లైన్లల్ల ఒక్కతీరుగనే అయినయి.

కాబట్టి నేను అడగవలసిన ప్రశ్న వేరే ఉన్నది. ఈ జాగ ఖాళీ కావడానికి ఎవరిని లేపిండ్రు? దొర భవంతిల నాయినమ్మను గేటు దగ్గర ఆపిండ్రు. ఊర్లె మా వాడను చివరకు నెట్టిండ్రు. నా ఇంట్ల ఆ పని చేసింది నేను. ఏ దొరా చెప్పకుండ, నా సొంత చేతులతోని, ఆయాసపు మనిషిని గాలి నుంచి లేపి మూలకు పంపిన. ఆ ఇంటి పునాదిల సగం సొమ్ము ఆ ఊపిరిదే. కులం పై నుంచి దిగివస్తదని పాఠం చెప్పే నాకు, అది చేతులు మారుతదని, నా చేతుల దాక వస్తదని ఆ రాత్రే అర్థమయింది.

తెల్లారి మంచం మళ్ళ నడుమ వేసిన. ఇప్పుడు సాయంత్రం వాడకట్టు ముసలోళ్ళు దాని చుట్టూ చేరి పాత షిఫ్టుల ముచ్చట్లు పెడతరు. ట్యూషన్ పిల్లలు మంచం కోళ్ళకు ఆనుకొని ఎక్కాలు చదువుతరు. బామ్మర్ది వస్తే మంచం దాటకుండ గోడపొంటి పోతడు. నవ్వొస్తది.

నవ్వుత గానీ, మొన్న బిడ్డకు మళ్ళ ఒళ్ళు కాలినప్పుడు ముందు థర్మామీటర్ కోసం లేచిన నేను, పోయేటప్పుడు ఆ మంచం దిక్కు ఒకసారి చూసిన. ఆ చూపు నాలో ఇంకా పోలేదు. బాపు చూసిండో లేదో తెలియదు. ఆయన కొంచెం పక్కకు జరిగి, బిడ్డను పండబెట్టనీకి జాగ ఇచ్చిండు.