బాధను మరపించుట వంచనయా?

బాధ రెండు విధములు. మనిషి తానై కోరి వహించునది ఒకటి. ఇతరులు తనపై మోపగా అనుభవించునది రెండవది. ఉపవాసము, జాగరణము మొదటి కోవకు చెందినవి. నాలుగేండ్ల బిడ్డను నలుగురు పట్టుకొనగా నరమునకు సూది గ్రుచ్చుట రెండవ కోవకు చెందినది. మొదటిదానిని ఓర్చుకొనుట తపస్సు. రెండవదానిని ఓర్చుకొమ్మని బిడ్డను గద్దించుట తపస్సు నేర్పుట కానేరదు. ఈ భేదమును మరచినచో పిల్లల బాధ విషయమున పెద్దల ధర్మమేమో తెలియరాదు.

ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రిలో గాని, పందొమ్మిదవ శతాబ్ది చివర లండను మిషను వారు జమ్మలమడుగున నెలకొల్పిన క్యాంబెల్ ఆసుపత్రిలో గాని, పులివెందుల ప్రభుత్వ ఆసుపత్రిలో గాని పిల్లల ఏడుపు వినబడుట వింత కాదు. టీకాకు, కుక్కకాటు సూదికి, కాలిన గాయమునకు కట్టు మార్చుటకు, చిట్లిన నుదుటికి కుట్లు వేయించుటకు బిడ్డలను తెచ్చుచునే యుందురు. చికిత్స తప్పనిదే, కాని దానితో వచ్చు బాధ అంతయు తప్పనిదేనా యన్నది ప్రశ్న.

“పసివానికేమి తెలియును” అను మాట వైద్యులలో సైతము చాలకాలము చెల్లినది. 1980వ దశకము వరకు పలుదేశములలో నవజాత శిశువులకు శస్త్రచికిత్స చేయునపుడు తగినంత మత్తుమందు ఇచ్చెడివారు కారు. భారతదేశమున వైద్యము చదివిన కన్వల్‌జీత్ సింగ్ ఆనంద్ ఆక్స్‌ఫర్డ్‌లో పరిశోధన సాగించి, నెలలు నిండక పుట్టిన శిశువుల దేహము సైతము కత్తి తాకిడికి తీవ్రముగా చలించుననియు, బలమైన నొప్పిమందు చేర్చినచో ఆ చలనము తగ్గి శిశువు మేలుగా కోలుకొనుననియు 1987లో సహచరులతో కలిసి ప్రకటించెను. నోరులేని వానికి నొప్పి లేదనుకొనుట శాస్త్రము కాదు. అది పెద్దలు తమ సౌకర్యమునకై కల్పించుకొన్న నమ్మకము.

ఇప్పుడు మందునకు తోడుగా మరియొక ఉపాయము వచ్చినది. దానిని వర్చువల్ రియాలిటీ అందురు. పెద్ద కళ్లజోడు వంటి సాధనమును తొడిగినచో బిడ్డకు ఆసుపత్రి గది కనబడదు. తల త్రిప్పిన దిక్కునెల్ల వేరొక లోకము కనబడును. అమెరికాలోని సియాటిల్ నగరమున హంటర్ హాఫ్‌మన్, డేవిడ్ ప్యాటర్సన్ అనువారు కాలిన గాయములుగల ఇద్దరు కిశోరులకు దీనిని వాడి, ఆ ఫలితమును 2000 సంవత్సరమున సహచరులతో కలిసి ప్రకటించిరి. అటుపిమ్మట రూపొందిన మంచులోకములో రోగి మంచుముద్దలు విసరుచు ముందుకు సాగును. అతని మనసు ఆ చల్లదనమున నుండగా గాయము శుభ్రము చేయుదురు. మన తెలుగునాట ఖమ్మములోని మమతా దంతవైద్య కళాశాల వైద్యులు నాలుగు మొదలు ఎనిమిదేండ్ల వరకు గల పిల్లలకు పంటి చికిత్స చేయునపుడు దీనిని వాడి చూచి, నొప్పియు భయమును తగ్గినవని 2018లో తెలిపిరి.

ఇందు మాయ లేదు. గాయము దేహమునదైనను నొప్పిని గ్రహించునది మనసు. నొప్పి వార్త పోవు త్రోవలో, వెన్నుపామునందు, ద్వారము వంటి ఏర్పాటు కలదనియు, మెదడునుండి దిగివచ్చు సంకేతములు దానిని కొంత మూయగలవనియు మెల్జాక్, వాల్ అను శాస్త్రజ్ఞులు 1965లో ప్రతిపాదించిరి. మనసు ఒకచోట గాఢముగా నిలిచినపుడు రెండవదానికి చోటు తగ్గును. ఇష్టలింగమును అరచేత నిలిపి దృష్టి కుదుర్చుకొనువారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

కాని అచ్చట ఒక భేదము కలదు. భక్తుడు తెలిసి, తాను కోరి దృష్టి నిలుపుచున్నాడు. బిడ్డ చూపును పెద్దలు మరల్చుచున్నారు. ఒకని చూపును మరల్చి వాని దేహమున సూది గ్రుచ్చుట వంచన కాదా? ఈ ఆక్షేపణను తేలికగా త్రోసివేయరాదు. “సూది లేదు, ఊరక చూచెదరంతే” అని నమ్మబలికి కళ్లజోడు తొడిగినచో అది నిశ్చయముగా వంచనయే. ఆ పూట పని జరుగును. మరునాటినుండి ఆ బిడ్డ తల్లి మాటను కూడ నమ్మడు. “సూది వేయుదురు, కొంచెము నొప్పి కలుగును, అంతవరకు నీవు ఈ ఆట చూడుము, వలదన్న తీసివేయుదుము” అని చెప్పి తొడిగినచో అది వంచన కాదు, దయ. సత్యము ముందు నడచినపుడే దయ వెనుక రాగలదు.

రెండవ జాగ్రత్తయు కలదు. బిడ్డ మౌనముగా నున్నంత మాత్రమున బాధ లేదని తలపరాదు. యంత్రము మందునకు తోడే గాని మారు కాదు. యంత్రమున్నదని నొప్పిమందు మానివేసినచో, ఆ యంత్రము బిడ్డ బాధ తీర్చుటకు గాక పెద్దల చెవులకు ఏడుపు సోకకుండుటకు వాడినట్లగును. మూర్ఛలు వచ్చు పిల్లలకు, ముఖమున గాయమైనవారికి ఇది తగదు.

ఖరీదైన సాధనము లేదని చింతింప పనిలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో టీకాల బాధను తగ్గించుటకు చెప్పిన మార్గములలో తల్లి దగ్గరనుండుట, చంటిబిడ్డకు పాలిచ్చుచుండగా టీకా వేయుట, ఆరేండ్లలోపు పిల్లల మనసును బొమ్మతోనో పాటతోనో మరల్చుట, ఎక్కువ నొప్పించు టీకాను చివర వేయుట కలవు. ఇవి పల్లెలోని ఉపకేంద్రమున సైతము సాధ్యములే.

ఇండ్లలో మానవలసిన మాట ఒకటి కలదు. “అన్నము తినకున్న డాక్టరుచేత సూది వేయించెదను” అని బెదరించుట మన యిండ్లలో పరిపాటి. అట్లు పెంచిన భయమును ఆసుపత్రిలో ఏ కళ్లజోడును ఒక్క గడియలో పోగొట్టజాలదు. చికిత్సను శిక్షగా చూపిన యింట పెరిగిన బిడ్డ, పెద్దవాడైన పిదప సైతము వైద్యునికి వెరచి రోగమును దాచుకొనవచ్చును.

దయ లేని ధర్మమును బసవేశ్వరుడు ధర్మముగా అంగీకరింపలేదు. సూది పట్టిన నర్సు పని కాయకమే. బిడ్డను ఒడిలో నిడుకొన్న తల్లి పనియు కాయకమే. త్వరగా ముగించుటయే కాక, చేతనైనంత తక్కువ నొప్పితో ముగించుటయు ఆ కాయకమున భాగమని ఇరువురును తలచినచో, ఏ ఊరి ఆసుపత్రిలోనైనను బిడ్డ బాధ సగము తగ్గును.