ఆటపడవయు వేఁటపడవయు

నిరుడు కార్తికమాసమున గుడివాడలోని మా యింట నొక తగవు పుట్టినది. మా తమ్ముని కూఁతురు, కళాశాలలో చదువుచున్న యిరువదియేండ్ల పిల్ల, నలుగురు స్నేహితులతోఁ గలిసి నాగాయలంక నుండి కృష్ణపాయ వెంబడి కయాకులలో సముద్రపు మొగదాఁక పోయి, త్రోవలో గాలములు వేసి చేఁపలు పట్టి, సాయంకాలమునకు తిరిగివత్తునని సెలవడిగినది. తమ్ముఁడు తల యెత్తకయే కాదనెను. మఱదలు మాటాడలేదు. మా తల్లి తినుచున్న కంచము ప్రక్కకు నెట్టి లోపలికిఁ బోయినది. ఇంటికిఁ బెద్దవాఁడ నగుటచే తీర్పు నా మీఁదఁ బడెను. ఆ తీర్పు చెప్పుటకు నాకు మూఁడు నెలలు పట్టినది.

మా తల్లి దివిసీమ యాఁడుపడుచు. 1977 నవంబరు 19వ తేదీనాఁటి ఉప్పెనలో ఆమె యక్క కాపురమున్న యిల్లును, ఆ యింటివారందఱును ఒక్కపూఁటలోఁ బోయిరి. నాఁడు పోయినవారు సర్కారు లెక్కలోనే సుమారు 10,000 మంది. నీరు కొన్నిచోట్ల 5 మీటర్లకుఁ బైగా లేచినది. పులిగడ్డ వద్ద వారి జ్ఞాపకార్థము కట్టిన స్తంభము మీఁదుగా బస్సు పోవునపుడు మా తల్లి నేఁటికిని కన్నులు మూసికొనును. అంతకుముందు 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన బందరును, చుట్టుప్రక్కల పల్లెలను ముంచి యించుమించు 30,000 మందిని పొట్టఁబెట్టుకొన్నది. ఇట్టి సీమలో సముద్రమును నమ్ముమని యొక ముదుసలికి బోధించుటకంటె తెలివిమాలిన పని లేదు. నేనాపని చేయలేదు.

అయినను పిల్ల వేసిన ప్రశ్న నన్ను విడువలేదు. “మొన్న కార్తిక పున్నమికి అత్తయ్య మంగినపూడిలో సముద్రస్నానం చేసింది. అత్తయ్యకు ఈత రాదు. ఆ రోజు దిగిన వాళ్ళలో చాలామందికి రాదు. పుణ్యానికైతే మునగవచ్చు, ఆటకైతే కూడదా, పెదనాన్నా?” అని యది యడిగినది. నా యొద్ద సిద్ధముగా నుత్తరము లేదు. పుణ్యమునకై పడిన యపాయమును మనము అపాయముగా నెంచము. ఉద్యోగమునకై బిడ్డలను సముద్రముల కావలికిఁ బంపి గర్వింతుము. ఆట యనునప్పటికి మాత్రము మనకు ధర్మసందేహము పుట్టును. ఈ సందేహములో నిజమెంత, అలవాటెంత?

కయాకును చూడని చదువరులకు ఒక మాట. ఇది సన్నని, పొడవైన, పై మూఁతగల పడవ. నడుమనున్న రంధ్రములో మనిషి నడుమువఱకు దిగి, కాళ్ళు చాఁచి కూర్చుండి, రెండు కొనలకును రెక్కలున్న తెడ్డుతో ఇరుప్రక్కల నీటిని త్రోయును. గ్రీన్లాండు, అలాస్కా మొదలగు మంచుతీరముల జనులు కొయ్యతోనో యెముకలతోనో చట్రము కట్టి, దానిపై సీలుతోలు బిగించి, సీళ్ళను వేఁటాడుటకై దీనిని చేసికొనిరి. ఎవని పడవ వాని యొడలి కొలఁదిని కట్టఁబడెడిది. ఆ చలినీటఁ బడినవాఁడు బ్రదుకుట కష్టము గనుక, పడవ తలక్రిందులైనను దిగక తెడ్డుతోడనే మరల పైకి దొరలు విద్యను వారు సాధించిరి. నేఁడిది ప్లాస్టిక్కుతో చేయఁబడి ఆటవస్తువైనది. 1936లో బెర్లిన్ ఒలింపిక్కులందు పందెముగాఁ జేరినది. మన సీమవారికిది యంత వింత కాఁదగదు. కొల్లేటిలో తాటిమ్రాను తొలిచి చేసిన దోనెపై నిలువుగడతోఁ బోవు జాలరిని చూచినవారు, ఇరుకుపడవలో ఒడలి బరువును నిలుపుకొను నేర్పు ఎట్టిదో యెఱుఁగుదురు. తాటిదోనెకు కయాకు దూరపుచుట్టము. రెండింటిని చేయించినది ఆఁకలియే.

సముద్రమనిన వెఱపు మనకు అనాదిగా వచ్చినదని మా తమ్ముని వాదము. బౌధాయన ధర్మసూత్రము పతనహేతువులలో సముద్రయానమును చేర్చిన మాట నిజమే. కాని యీ తీరపు ఱాళ్ళును నాణెములును వేఱుగాఁ జెప్పుచున్నవి. సాతవాహనుల నాణెములపై రెండు స్తంభముల యోడ కలదు. టాలెమీ పేర్కొన్న ‘కంటకోస్సుల’ అను వర్తకపు రేవు మన ఘంటసాలయే యని పండితులు తలంతురు. అచట దొరకిన ప్రాకృతశాసనములలో నొకదానియందు మహానావికుఁడను బిరుదు గలవాని పేరున్నది. సముద్రమెఱిఁగినవారు ఈ సీమలో ఎన్నఁడును లేకపోలేదు. మనము వారిని మన పంక్తినుండి లేపితిమి, అంతియే. తెడ్డుపట్టినవానిని వాకిట నిలిపి, వాఁడు తెచ్చిన చేఁపను మాత్రము వంటింటికి రానిచ్చితిమి. మా యింటిని చూచియే యీ మాట వ్రాయుచున్నాను.

చూడక తీర్పు చెప్పరాదని మార్గశిరములో నాగాయలంకకుఁ బోయి, అటనుండి ఏటిమొగకుఁ బోతిని. ఆ యూరి పేరే దాని స్వభావమును చెప్పుచున్నది. ఏటికి నోరు తెఱచిన చోటు. ఎదురుమొండి దీవికిఁ బోవు పంటు కొఱకు జనులు కాచియున్నారు. ఒడ్డున నొక పెద్దమనిషి వల బాగుచేసికొనుచుండెను. కొంతసేపు మంచిచెడ్డలు మాటాడిన పిదప, పడుచుపిల్లలు మీ నీటిపై ఆటకు వచ్చుటను గూర్చి మీరేమందురని యడిగితిని. ఆయన నవ్వెను. “ఆడుకోనివ్వండి బాబూ. కానీ మీరాడేది మా పొలంలో. పైరు తొక్కకుండా ఆడితే మాకేం?” అనెను. పైరు తొక్కుట యనఁగానేమని మరల నడిగితిని. సూది ఆపి యాయన చెప్పినది యిది: “మునిగేవోడు మమ్మల్ని పిలవడు. పిలవకపోయినా మేం పోవాలి. పోకపోతే ఆ రాత్రి అన్నం దిగదు. పోతే ఆ పోటు వేట పోద్ది. వల నీళ్ళలోనే వదిలేస్తాం. ఒక్కోసారి పడవే తిరగబడుద్ది. మాకూ పిల్లలున్నారు గదా.”

ఆ మాటతో నా సందేహము రూపము మాఱినది.

అంతవఱకు నేను వాదించుకొనుచున్నది పిల్ల ప్రాణమునుగూర్చి. దాని స్నేహితులలో నొకఁడు మా యింటికి వచ్చినపుడు “నా ప్రాణం, నా యిష్టం” అని ధైర్యముగాఁ బలికియుండెను. ఈ మాటకు పెద్ద వంశమున్నది. 1859లో జాన్ స్టూఅర్ట్ మిల్ వ్రాసిన స్వాతంత్ర్యగ్రంథమున, ఒకఁడు పాడుపడిన వంతెన నెక్కఁబోవుచున్నయెడల, అపాయమును అతఁ డెఱుఁగనిచోఁ బట్టి యాపవచ్చును గాని, ఎఱిఁగియు పోవువానిని హెచ్చరించుటకంటె నెక్కువ చేయరాదని యున్నది. నా చిన్ననాఁట నాకీ వాదము మిక్కిలి నచ్చెను. నేఁటికిని సగము నచ్చుచున్నది. కాని మిల్లు పండితుఁడు ఆ వంతెన క్రింద పడవ నడుపుకొనువానిని లెక్కింపలేదు. పైవాఁడు పడినపుడు క్రిందివాఁడు ఊరకుండఁగలఁడా? వేఁటకుఁ బోవువాని యపాయము బ్రదుకుతెరువు తెచ్చిపెట్టినది. ఆటకుఁ బోవువాఁడు తన యపాయమును తానే యెన్నుకొన్నాఁడు. ఈ యిద్దఱి నడుమ మూఁడవవాఁడొకఁడున్నాఁడు. తన మంచితనమే తన్ను నీటిలోనికిఁ ద్రోయువాఁడు. వాఁడు దేనిని ఎన్నుకొనలేదు. నా ప్రాణము నా సొమ్మే యనుకొందము. ఆ సొమ్మునకు హామీపడినవాని యిల్లు జప్తు కాకుండఁ జూచుట నా పని కాదా?

ఇట్లు తలపోసి, మొదట తర్ఫీదునకు మాత్రము సెలవిచ్చితిని. ఆదివారములందు పిల్ల పోయి నేర్చికొన్నది. రెండు పర్యాయములు నేనును ఒడ్డునఁ గూర్చుండి చూచితిని. తెడ్డు వేయుట నేర్పుదురని తలఁచితిని. మొదటి దినములలో నేర్పినది పడుట. నిలుకడనీటిలో పడవను తానే బోర్లించుకొనవలెను. నీటిక్రింద తొందరపడక, నడుమునకు బిగించిన మూఁతగుడ్డను ఊడఁదీసికొని వెలికి రావలెను. పడవను విడువరాదు, తెడ్డును విడువరాదు. స్నేహితుఁడు తన పడవను అడ్డముగాఁ దెచ్చి, బోర్లపడినదాని ముక్కునెత్తి నీరు వంచివేయఁగా, రెండు పడవల నడుమ ఒడలినీడ్చి మరల లోనికి దిగవలెను. లైఫ్ జాకెట్టు లేనిదే రేవు మెట్టు దిగనీయరు. మా పిల్ల మొదటిదినమున ముక్కునిండ నీరు పోయి యేడ్చినది. నేను తలత్రిప్పికొంటిని.

తరువాత నీటిని చదువుట. మొగవద్ద పాటునీరు వెలికి దిగుచుండఁగా సముద్రపుగాలి యెదురుగా వీచెనా, అలలు నిలువుగా లేచి పడవను నిలువనీయవు. ఇసుకతిన్నెపై నీరు విరుగుచున్న చోటును దూరముననే గుర్తింపవలెను. ఒడ్డునుండి సముద్రము వైపునకు గాలి వీచునపుడు దరినున్న నీరు అద్దమువలె నుండును. ఆ నున్నదనమే మోసము. పోవువానిని అది సుఖముగాఁ దీసికొనిపోవును, వచ్చువానిని రానీయదు. ఈ సంగతులన్నియు ఏటిమొగలోని పిల్లవాఁడు పదియేండ్లకే యెఱుఁగును. మన పట్టా పుచ్చుకొన్న పిల్లలు దుడ్డిచ్చి నేర్చుకొనుచున్నారు. తప్పులేదు. నేర్చుకొనుట మంచిదే. వాఁడిని గురువని యొప్పుకొన్న నింకను మంచిది.

స్నేహితులతోఁ బోవుటలో నాకొక భయముండెడిది. ఒంటరిగాఁ బోవువానికి భయము తిరుగుమని చెప్పును. గుంపులోఁ బోవువానికి సిగ్గు ముందుకుఁ బొమ్మనును. నాల్గురు పోవుచుండ నేనొక్కఁడనే యెట్లు వెనుకాడుదునని యెన్ని ప్రాణములు పోయినవో! ఈ పిల్లలొక నియమము చేసికొనిరి. అయిదుగురిలో నెవ్వరు ‘తిరుగుదాం’ అన్నను అందఱును తిరుగవలెను. కారణమడుగరాదు, ఒడ్డుచేరిన పిదప పరిహసింపరాదు. ఇది విని నేను కొంతసేపు మాటాడలేకపోతిని. కట్నముల మాటలు జరుగు పందిటిలో ఈ నియమముండిన నెన్ని కుటుంబములు నిలిచియుండెడివి!

తమ్ముఁడు చివరకు తన యసలు సంగతి చెప్పెను. మగపిల్లవాఁడైన నింత యాలోచన లేకపోవునఁట. వాని కొడుకు పదునాలుగేండ్లప్పుడే కాలువలో లాకులదగ్గఱ దుముకుచుండెను. ఎవరి సెలవును అడుగలేదు, ఎవరును అడుగుమనలేదు. వానికి ఈఁత వచ్చునో రాదో నేఁటికిని మాకెవరికిని నిశ్చయముగాఁ దెలియదు. అడిగి, నేర్చి, లెక్కచూచుకొని పోవు పిల్లను ఆపి, అడుగక దుముకువానిని చూచి నవ్వుకొనుట యేపాటి వివేకమో తమ్ముఁడే చెప్పవలెను. ఈఁత నేర్చిన మా పెద్దమ్మ ఆ 1977 ఉప్పెనలో బ్రదికియుండునని నేననను. ఆ నీటిముందు ఈఁత యెంత! కాని నేర్పకపోవుటకు ఆ యుప్పెనను సాకుగాఁ జేసికొనరాదు.

ఇఁక చేఁపలమాట. ఆఁకలికై పట్టుటకును వేడుకకై పట్టుటకును భేదమున్నదా? చేఁపకు లేదు. పట్టువానికుండవలెను. తిననిదానిని పట్టరాదనియు, చిన్నదానిని నీటిలో విడువవలెననియు చెప్పితిని. పిల్ల యొప్పుకొన్నది. దీనికంటె చిక్కైన సంగతి మఱియొకటి యున్నది. మన తూర్పుతీరమున ఏఁటేఁట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు 61 దినములు, చేఁపలు గ్రుడ్లుపెట్టు కాలమని, మరపడవలు వేఁటకుఁ బోరాదు. మరలేని తెప్పలకు ఈ నిషేధము లేదు. కయాకునకు మర లేదు గనుక వేసవిసెలవులలోఁ బోయినను చట్టము తప్పినవారము కాము కదా యని యొక స్నేహితుఁడు వాదించెను. వాదము సరియే. కాని ఆ వెసులుబాటు ఆ పూఁట వేఁటలేనిచో పొయ్యి రాఁజనివాని కొఱకు పెట్టినది. పడవలు ఒడ్డునఁ గట్టివేసికొని కూర్చున్నవాని కన్నులయెదుట, ఆఁకలిలేని మనము ఆ సందునుండి దూఱి పండుగప్పను పట్టుకొనివచ్చుట నాకు సహింపలేదు. ఆ రెండు నెలలును గాలము ముట్టరాదంటిని. దీనిని పిల్ల చాదస్తమన్నది. కావచ్చును.

మాఘమాసములో నొక తెల్లవాఱుజామున అయిదు పడవలు నాగాయలంక రేవునుండి బయలుదేరినవి. ముందునాఁడే పిల్ల ఏటిమొగకుఁ బోయి, ఆ పెద్దమనిషిని కలిసికొని, ఎప్పుడు బయలుదేఱుదురో, ఏ వేళకు తిరిగి ఆ రేవు దాఁటుదురో చెప్పివచ్చినది. మొగ యింకను కొంతదూరముండఁగానే గాలి తిరిగినదఁట. వారిలో మిక్కిలి బలశాలియైన పిల్లవాఁడే తిరుగుదమనెను. ఎవరును కారణమడుగలేదు. సముద్రమును చూడకయే తిరిగివచ్చిరి. పట్టినవి రెండు చేఁపలు. ఒకటి చిన్నదగుటచే విడిచిరి.

ఇంటికి వచ్చిన పిల్లను మా తల్లి తల తడిమి చూచినది. “సముద్రం చూశావా?” అని యడిగినది. “లేదు నాయనమ్మా, ఇవతలనే తిరిగాం.” ముసలామె మఱేమియు ననక వేఁడినీళ్ళు పెట్టించినది.

రాత్రి భోజనములైన పిదప పిల్ల నా గదికి వచ్చెను. ముఖమున సంతోషము లేదు. తిరుగుత్రోవలో ఏటిమొగవద్ద ఆ పెద్దమనిషి ఒడ్డుననే కనఁబడెనఁట. ఉదయమునుండి అక్కడనే నిలిచియున్నాఁడు. గాలి తిరుగుట ఆయనయు చూచెను. వీరు కనఁబడువఱకు వేఁటకుఁ బోలేదు. మంచి పోటు పోయినది. పిల్ల డబ్బు ఇవ్వఁబోఁగా పుచ్చుకొనలేదు.

“మేం అన్నీ నేర్చుకున్నాం, అన్నీ చెప్పి వెళ్ళాం, మధ్యలోనే తిరిగాం. అయినా ఆయన పోటు పోయింది కదా, పెదనాన్నా? చెప్పకుండా వెళ్తే తప్పు. చెప్పి వెళ్తే ఆయన కాపలా కాస్తాడు. ఏం చేయాలి?” అని యడిగినది.

వారు మరల పోవుటకు దినము నిర్ణయించుకొనుచున్నారు. నేనింకను ఉత్తరము చెప్పలేదు.