కొవ్వొత్తికి దండం పెడితే సరిపోతుందా?

చాలా ఏళ్ళ క్రితం నేను రాసిన ఓ నవలలో ఒక పంతులమ్మ ఉండేది. ఆవిడ పెళ్ళి చేసుకోదు. జ్వరమొచ్చినా సెలవు పెట్టదు. జీతంలో సగం పిల్లల పలకలకీ పుస్తకాలకీ ఖర్చు పెట్టేస్తుంది. ఆఖరి పేజీలో ఆవిణ్ణి కొవ్వొత్తితో పోల్చి, తాను కరిగిపోతూ పదిమందికీ వెలుగిచ్చిందని రాసి, నేనే కళ్ళు తుడుచుకున్నాను. తామూ తుడుచుకున్నామని పాఠకురాళ్ళు ఉత్తరాలు రాశారు. అవన్నీ ఇప్పటికీ నా బీరువాలో భద్రంగా ఉన్నాయి.

ఆ నవల గురించి ఒక్క మాటా అననిది నా చిన్ననాటి స్నేహితురాలు ఒక్కతే. డిగ్రీలో ఇద్దరిదీ ఒకే బెంచీ. తర్వాత నేను కథల్లో పడ్డాను, అది ట్రైనింగయి, డీఎస్సీ రాసి గవర్నమెంటు బళ్ళో టీచరయింది. బస్సు దిగి రెండు కిలోమీటర్లు నడిస్తే వచ్చే పల్లె. ముప్ఫై ఎనిమిది మంది పిల్లలు, ఐదు తరగతులు, ఇద్దరు టీచర్లు.

ఆ మధ్య ఓ శనివారం సాయంత్రం మా ఇంటికొచ్చింది. కాఫీ ఇస్తే గ్లాసు పట్టుకుని అలాగే కూర్చుంది. మీగడ కట్టింది గానీ తాగలేదు.

"ఏమయిందే?" అన్నాను.

"జామకాయ" అంది. అని ఏడ్చింది.

నాకేమీ అర్థం కాలేదు. కాసేపటికి తనే చెప్పింది. రెండో తరగతి కుర్రాడొకడు వాళ్ళ దొడ్లో కాసిన జామకాయ తెచ్చాడట. ఆ వేళకి ఇది సిగ్నలు అందక వేపచెట్టు కింద నిలబడి, ఎంతమంది అన్నం తిన్నారో, ఎన్ని గుడ్లు ఖర్చయ్యాయో ఫోనులో ఎక్కిస్తోంది. రెండో టీచరు మండలంలో మీటింగుకి వెళ్ళడంతో ఐదు తరగతులూ దీని నెత్తినే ఉన్నాయి. "టీచర్, మీకోసం" అన్నాడు వాడు. తలెత్తకుండానే "అక్కడ పెట్టి పో" అంది. వాడు కదల్లేదు. తను చూడాలని కాబోలు. "చెబితే వినపడదా?" అని అరిచింది. వాడు జామకాయతో సహా వెళ్ళిపోయాడు.

"అరిచినందుకు కాదే నా ఏడుపు. బస్సెక్కాక వాడి పేరు గుర్తు చేసుకుందామని చూశాను. రాలేదు. జూన్ నుంచీ వాడు నా ఎదురుగానే కూర్చుంటున్నాడు."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒక మంచి మనిషి ఇలా రాయిలా మారితే తప్పు ఆ మనిషిదేనా?

మన దగ్గర దీనికి జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. మా పక్కింటావిడకి చెబితే, "గవర్నమెంటు టీచర్లకేం కష్టమండీ! ఒకటో తారీఖు జీతం, ఎండాకాలం సెలవులు" అంది. నిజమే, బడికి చుట్టపుచూపుగా వెళ్ళొచ్చే వాళ్ళనీ నేను ఎరుగుదును. కానీ ఒక చిత్రం గమనించారా? పని తప్పించుకునే వాళ్ళు ఇలా అలిసిపోరు. ఎప్పుడూ వెలగని దీపానికి నూనె తరిగిపోయేదేముంది?

ఈ అలసట గురించి చదువుకున్న వాళ్ళు చాలా ఆలోచించారు. 1974లో ఫ్రాయిడెన్‌బర్గర్ అనే అమెరికా మనస్తత్వవేత్త దీనికి 'బర్నౌట్' అని పేరుపెట్టి వ్యాసం రాశాడు. మండి మండి ఆరిపోవడమన్నమాట. తర్వాత క్రిస్టినా మస్లాక్ అనే ఆవిడ దీని లక్షణాలు మూడని చెప్పింది. మనసు పూర్తిగా అలిసిపోవడం మొదటిది. ఎదుటివాళ్ళని మనుషుల్లా కాక పనుల్లా చూడటం రెండోది. నేను చేసేదంతా వృథా అనిపించడం మూడోది. జామకాయ కుర్రాడు ఈ రెండో దానికి చిక్కాడు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇది జబ్బు కాదనీ, ఉద్యోగంలో ఎడతెగని ఒత్తిడిని సరిచేయకపోవడం వల్ల వచ్చేదనీ చెప్పింది. ఈ మాట నాకు నచ్చింది. మనిషికి మందు పోసే ముందు పనివైపు చూడమంటోంది.

సరే, పనివైపు చూద్దాం. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం అరవై మంది లోపు పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లు. పిల్లల్ని లెక్కపెడితే సరిగ్గానే ఉంది. తరగతుల్ని లెక్కపెడితేనే తేడా. ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తూ, అదే గదిలో రెండో తరగతికి ఎక్కాలు చెప్పాలి. జనాభా లెక్కలకీ, విపత్తుల సాయానికీ, ఎన్నికలకీ తప్ప ఇతర పనులకి టీచర్లని వాడకూడదని అదే చట్టం 27వ సెక్షన్లో ఉంది. "మరి ఈ గుడ్ల లెక్కలేమిటే?" అని అడిగాను. "అది బడిపనేగా అంటారు" అని నవ్వింది. ఆంధ్రలో 2022 ఆగస్టులో ఫోనులో ముఖం చూపించి హాజరు వేసుకునే పద్ధతి వచ్చింది. కొంతకాలం బళ్ళో మరుగుదొడ్ల ఫోటోలు తీసి పంపే పని కూడా ఉండేది.

గుడ్లు లెక్కపెట్టడం నీచమైన పనని నేననను. ఆ గుడ్డు కోసమే బడికొచ్చే పిల్లలున్నారు. కానీ నా స్నేహితురాలు ఒక మాటంది: "పిల్లలతో పగలంతా అరిచినా నాకు అలుపు రాదే. పిల్లల్ని వదిలేసి పిల్లల లెక్కలు రాయడమే అలుపు." తను దేనికోసం వచ్చిందో ఆ పనికే తనని దూరం చేస్తూ, ఆ దూరానికి తననే జవాబుదారీ చేస్తే ఏ మనిషి మాత్రం నిలబడుతుంది?

ఇక్కడే నా కొవ్వొత్తి గుర్తొచ్చి సిగ్గేసింది. గురువుని దేవుడి సరసన కూర్చోబెట్టిన జాతి మనది. 'బతకలేక బడిపంతులు' అన్నదీ మనమే. రెండూ వేర్వేరు మాటలనుకుంటాం గానీ, రెండిటి ఫలితం ఒకటే. దేవుడికి సాయం అక్కర్లేదు, బతకలేనివాడికి గౌరవం అక్కర్లేదు. ఏటా సెప్టెంబరు 5న ఓ శాలువా కప్పేస్తే ఇద్దరి బాకీ తీరిపోయినట్టే!

ఈ కిటుకు మనకి, అంటే ఆడవాళ్ళకి, కొత్తదా చెప్పండి? "మా కోడలికి భూదేవంత ఓర్పు" అని అత్తగారు నలుగురిలో పొగిడిన రోజున, వంటింట్లో రెండో చెయ్యి పడదని మనకి తెలియదూ? ఓర్పుని గుణమనుకుంటాం. నాకేమో అది కుండలో నీళ్ళలా అనిపిస్తుంది. వాడుకుంటూంటే తరుగుతుంది. ఎవరో ఒకరు పోస్తూండాలి. పొయ్యకుండా కుండని పొగిడితే నీళ్ళూరతాయా? తీరా అడుగంటిన రోజున "కుండే మంచిది కాదు" అనేస్తాం.

నా సంగతి కూడా చెప్పాలి. నా పిల్లలిద్దరూ కాన్వెంటులోనే చదివారు. నాలాంటి తల్లులందరం మన పిల్లల్ని తీసుకుని ఆ బళ్ళలోంచి వచ్చేశాం. రెండో గది కావాలనీ, మూడో టీచరు కావాలనీ గట్టిగా అడగగల గొంతులు మనతోపాటే వచ్చేశాయి. కూలికెళ్ళే తల్లికి అడిగే తీరికా లేదు, ధైర్యమూ లేదు. ఆ తల్లుల తరఫున కూడా ఓర్చుకోమని ఒక్క పంతులమ్మని అక్కడ వదిలేసి, ఇవతల కూర్చుని నేను ఆవిడ మీద నవల రాశాను.

మరి ఆ కుర్రాడి మాటేమిటి? కారణాలెన్ని ఉన్నా, వాడు చేసిన నేరమేముంది? ఈ ప్రశ్న నేను అడక్కముందే నా స్నేహితురాలు అడుక్కుంది. "ఒత్తిడి నాది కాకపోవచ్చు. అరుపు మాత్రం నాదే" అంది. ఆ మాటతో నాకు దాని మీద గౌరవం పెరిగింది. కాకపోతే ఒకటి. తన వంతు తప్పు తను ఒప్పుకుందని మిగతా వంతులన్నీ దాని తలకే చుట్టే హక్కు మనకి లేదు. వచ్చే సెప్టెంబరులో శాలువా కొనే ముందు, మన పక్క బళ్ళో ఎన్ని తరగతులకి ఎందరు టీచర్లున్నారో ఓసారి వాకబు చేద్దాం. తక్కువైతే మన పిల్లల బడి కాకపోయినా మనమే అడుగుదాం.

సోమవారం రాత్రి దానికి ఫోను చేశాను.

"వెళ్ళగానే వాణ్ణి పిలిచి, పేరడిగి, నా జామకాయేదిరా అన్నానే" అంది.

"ఏమన్నాడు?"

"శనివారమే తినేశానండీ టీచర్, అన్నాడు."

చాలా రోజుల తర్వాత అది నవ్వడం విన్నాను. ఆ నవ్వు ఎన్నాళ్ళుంటుందో ఒక్క దాని చేతిలోనే లేదు.