జిల్లేడు చెప్పిన శాంతిపాఠము

వేదపాఠము ముగియగానే ‘శాంతిః’ యని ముమ్మారు చెప్పుట మన సంప్రదాయము. ఆధ్యాత్మిక, ఆధిభౌతిక, ఆధిదైవిక తాపములు మూడును శమించుగాక యని దాని భావము. ఏబదియేండ్లకు పైగా చెప్పుచున్నాను, చెప్పించితిని కూడ.

సనత్‌నగర్‌లోని మా ఇంటి ప్రహరీ ప్రక్కన ఒక తెల్లజిల్లేడు కలదు. రథసప్తమినాడు శిరస్సుపైన, భుజములపైన ఉంచుకొని స్నానమాడుటకు కావలసిన ఏడాకులకై దానిని పెంచుచున్నాను. మొన్న శ్రావణమాసమున ఒక ఉదయము సంధ్య వార్చి దానియెదుట కూర్చుంటిని గాని మనస్సు కుదురుగా లేదు. పిత్రార్జితమైన ఇంటి విషయమై తమ్మునికి వ్రాసిన ఉత్తరము ఉత్తరీయపు మడతలో నున్నది. రాత్రియంతయు నిద్ర మాని వ్రాసినది. నేర్చిన చదువంతయు అందులో తిట్టుటకే వినియోగించితిని.

నారింజవన్నె రెక్కలు, కొనలయందు నలుపు, ఆ నలుపులో తెల్లని పట్టీ గల సీతాకోకచిలుక యొకటి జిల్లేడు చుట్టును మెల్లమెల్లగా తిరుగుచుండెను. గోడమీద పిగిలిపిట్ట చూచుచునే యున్నది. అయినను దానికి తొందర లేదు. శాంతి యనిన ఇదియే గదా యని పైకే అంటిని.

జంతుశాస్త్రము చదువుచున్న మా మనుమరాలు విని నవ్వినది. “అది శాంతి కాదు తాతగారూ, విషము” అన్నది. ఈ జాతి తల్లి జిల్లేడాకుపై గ్రుడ్డు పెట్టునట. నలుపు, పసుపు, తెలుపు చారల గొంగళిపురుగు ఆ పాలాకునే తిని, అందలి విషమును ఒంట దాచుకొనును. రెక్కలు వచ్చిన పిమ్మటను అది పోదు. ఒకమారు రుచి చూచి కక్కుకొన్న పక్షి మరల ఆ రంగు జోలికి రాదు. ఆ నిదానమునకు కారణమిది. గంగపాయలకూర తిని పెరిగెడి వేరొక జాతిలోని ఆడది, తనలో ఈ విషము లేకున్నను, అచ్చముగా ఈ వేషమే వేయునట! కాషాయమునకును ఇట్టి అనుకర్తలు కలరు. ఆ మాట అటుండనిండు.

క్షీరసాగరమున హాలాహలము పుట్టినపుడు పరమశివుడు దానిని నోట నుంచుకొనెను గాని మ్రింగలేదు, ఉమియనూ లేదు. కంఠమున నిలిపెను. పురుగు దాచుకొన్నది ఆత్మరక్షణకు, స్వామి నిలిపినది లోకరక్షణకు. రెండును ఒకటే యని నేననను. కాని ఆ రెండు విషములును ఎవరినీ వెదకికొని పోలేదు. నా ఉత్తరీయములోనిదో, తపాలాబిళ్ళ అంటించుకొని తమ్ముని వెదకుచు బయలుదేరుటకు సిద్ధముగా నున్నది.

ఇంటి తగవు నేటికిని తెగలేదు. నాకు జరిగినది న్యాయమనియు అనుకొనలేదు. ఉత్తరము పూజామందిరమున పంచాంగము క్రింద అట్లే యున్నది. దీపావళికి వత్తుమని తమ్ముడును మరదలును కబురంపినారు.