పోగు తెగిన సంగతి వేలికి తెలుసు

మెట్‌పల్లి అనగానే తెలంగాణలో పెద్దతరానికి ఖద్దరు గుర్తుకొస్తుంది. ఆ ఖద్దరుకు నూలు వడికే రాట్నం ముందు కూర్చున్న మనిషిని దగ్గరగా గమనించాలి. కుడిచెయ్యి చక్రం తిప్పుతుంటే ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ ఏకు కరుగుతూ పోగు సాగుతుంది. ఎక్కడ లావెక్కిందో, ఎక్కడ సన్నబడి తెగబోతోందో కంటికన్నా ముందు వేలికే తెలుస్తుంది. తెగిందా, చక్రం ఆగుతుంది. తెగిన కొసను ఏకుకు ఆనించి ఒక్క మెలి పడనిస్తే అతుక్కుంటుంది. తప్పు దొర్లేదీ దిద్దేదీ ఒక్క చేతిలోనే.

ఈ రాట్నం పట్టిన గాంధీకి యంత్రమంటేనే గిట్టదన్న మాట సగమే నిజం. 1909లో 'హింద్ స్వరాజ్'లో యంత్రాలను గట్టిగా ఖండించిన ఆయనే, 1924లో సింగర్ కుట్టుమిషన్‌కు మినహాయింపునిచ్చారు. 1929లో అఖిల భారత చరఖా సంఘం మెరుగైన రాట్నానికి లక్ష రూపాయల బహుమతి ప్రకటించింది. దాని షరతులే ఒక తత్వవిచారం. రాట్నం పల్లెటూరి గుడిసెలో ఇమడాలి. ఒక స్త్రీ ఎనిమిది గంటలు వడికినా ఒళ్లు హూనం కాకూడదు. ధర 150 రూపాయలు దాటకూడదు. మరమ్మతుకు పెద్ద ఖర్చు కాకూడదు, ఇరవై ఏళ్లు పనిచెయ్యాలి. ఎంత వేగంగా వడుకుతుందన్నదీ చూశారు, కానీ వడికే మనిషి దానికి యజమానిగా మిగలడం అంతకన్నా ముఖ్యం. ఆ బహుమతి ఎవరికీ దక్కలేదు.

భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం ఏ పనికైనా ఐదు కారణాలు చెబుతుంది: అధిష్ఠానం, కర్త, కరణం, చేష్ట, దైవం. కరణమంటే పనిముట్టు. అది లేనిదే పని జరగదు, కానీ అది కర్త కాదు. రాట్నం దగ్గర ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. కంప్యూటర్ దగ్గరికొచ్చేసరికి చెరిగిపోతుంది. రేషన్ కార్డు ఎందుకు పోయిందని ఆఫీసులో అడిగితే వచ్చే జవాబు మనందరికీ తెలిసిందే: "సిస్టంల చూపిస్తలేదు." ఆ వాక్యంలో కర్త లేడు.

తెలంగాణలో ఇలా కర్త లేకుండా కార్డు పోవడం ఊహ కాదు. వేర్వేరు శాఖల జాబితాల్లోని పేర్లు, చిరునామాలు పోల్చి ఇవన్నీ ఒకే మనిషివని తేల్చే 'సమగ్ర వేదిక' అనే వ్యవస్థను ప్రభుత్వం తయారుచేసింది. కారున్నట్టు తేలితే ఆ కుటుంబం రేషన్ కార్డుకు అనర్హుల్లో చేరుతుంది. కానీ మన ఊళ్ల సంగతి చూడండి. ఒకే ఇంటిపేరుతో ఇద్దరు రాజయ్యలు, ముగ్గురు లక్ష్ములు ఉండటం వింతేమీ కాదు. ఒకే పేరును ఒక ఆఫీసులో ఒకలా, ఇంకో ఆఫీసులో మరోలా ఇంగ్లిషులో రాస్తారు. ఊరి మనిషికి ఏ రాజయ్య ఎవరో క్షణంలో తెలుస్తుంది, యంత్రానికి అక్షరాల పోలికే ఆధారం. యంత్రం పోల్చడం తప్పు కాదు. ఆ పోలికనే తీర్పుగా తీసుకుని, ఇంటికెళ్లి అడగకుండా కార్డు కొట్టేయడం తప్పు, అది మనుషులు చేసిన తప్పు.

రేషన్ దుకాణంలో వేలిముద్ర యంత్రం సంగతీ ఇలాంటిదే. బీడీలు చుట్టి, పొలం పని చేసి అరిగిన వేళ్లను అది ఒక్కోసారి గుర్తుపట్టదు. పోగు మందాన్ని పసిగట్టగల వేలు, తన బియ్యం తాను తీసుకోవడానికి మాత్రం చాలకుండా పోతుంది. రాట్నం మీద పోగు తెగినప్పుడు అతుకు వేసుకునే దారి ఉంది. ఇక్కడ వేలిముద్ర పడని ముసలమ్మ ఏం అతికించుకోవాలి, ఎవరి దగ్గర అతికించుకోవాలి?

రద్దయిన కార్డుల గొడవ చివరికి సుప్రీంకోర్టుకు చేరింది. దాదాపు 19 లక్షల కార్డుల విషయంలో క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించింది. కంప్యూటర్ ఎప్పుడో తేల్చేసిన పేర్లు పట్టుకుని, ఆ రాజయ్య ఈ రాజయ్యేనా అని అడగడానికి మనుషులే ఊళ్లోకి వెళ్లాల్సి వచ్చింది.