వేరుశనగ పచ్చడి - ఆహారశుద్ధి

ఆహారము శుద్ధమైనచో సత్త్వము శుద్ధమగునని ఛాందోగ్యోపనిషత్తు సప్తమాధ్యాయమున సనత్కుమారుడు నారదునకు చేసిన ఉపదేశమును మన ఆచార్యులు రెండు విధముల గ్రహించిరి. శంకరభగవత్పాదులకు ఆహారమనగా ఇంద్రియములు లోనికి తెచ్చుకొను శబ్దస్పర్శాది విషయముల జ్ఞానము. రామానుజులకు అది విస్తట్లోని అన్నమే, దానికి పుట్టుకవలన, పెట్టినవానివలన, అందు పడిన వెండ్రుక మొదలగువానివలన కలుగు దోషములు మూడు. ఈ భేదమును నేను చిరకాలము గ్రంథములయందే చదివితిని. పిండిపదార్థము తగ్గింపవలెనని వైద్యుడు చెప్పిన నాటినుండి వంటయింట చదువుచున్నాను.

మా యింట వేరుశనగ పచ్చడిలో చిక్కదనమునకు పుట్నాలపప్పును, రుచికి కొంచెము బెల్లమును పడుచుండెను. ఆ రెండును మానితిని. నూరు గ్రాముల గింజలలో పిండిపదార్థము సుమారు 16 గ్రాములు, అందును సగము పీచు. మాంసకృత్తులు 25 గ్రాములు, తక్కినదానిలో అధికభాగము నూనె. గుప్పెడు గింజలను మూకుట్లో సన్నసెగపై పొట్టు చిట్లువరకు వేయించి, చేటలో పోసి అరచేత నలిపి చెరిగినచో ఎర్రని పొట్టు ఎగిరిపోయి పలుకులు మిగులును. అదే మూకుట్లో నాలుగెండుమిరపకాయలు, జీలకర్ర వేచి, కుంకుడుగింజంత చింతపండు, ఉప్పు చేర్చి నూరి, ఇంగువ, ఆవాలు, కరివేపాకుతో తిరుగబోత పెట్టిన సరి, పదినిమిషముల పని.

ఇది సాత్త్వికమా, రాజసమా? గీతయందలి పదునేడవ అధ్యాయము నడిగిన, స్నిగ్ధమగుటచే గింజ సాత్త్వికము. కారము, పులుపు, ఉప్పు రాజసము. వండి జాము గడచినది తామసము గనుక అప్పుడే నూరి అప్పుడే తిను ఈ పచ్చడికి ఆ తామసదోషము లేదు. పుట్టుకనుబట్టి నిర్ణయింతమన్న వేరుశనగయు మిరపయు అమెరికాఖండమునుండి సముద్రముదాటి వచ్చినవి, ప్రాచీనులెరుగనివి. అయినను మహారాష్ట్రులు ఏకాదశినాడు బియ్యము మాని వేరుశనగను నిస్సంకోచముగా భుజింతురు! నాకు తోచినంతవరకు గీతాకారుడు పదార్థముల పేళ్లను పట్టిక వేయలేదు. ఏ గుణము గలవానికి ఏది ప్రియమో చెప్పినాడు. అనగా పరీక్ష గిన్నెకు గాదు, తినువానికి.

ఆ పరీక్షలో నేను తొలినాడే తప్పితిని. పిండిపదార్థము లేదుకదా యను ధైర్యముతో రెండు కీరదోసముక్కలను నెపముగా పెట్టుకొని అరగిన్నె పచ్చడి నాకివేయుచుండగా, ఎదుట ఇడ్లీ తినుచున్న మా యావిడ, "పచ్చడి నంజుకోడానికండీ, కడుపు నింపుకోడానికి కాదు" అన్నది. నిజమునకు నా చేయి గిన్నెలో నున్నను, చూపు ఆమె పళ్లెములోని ఇడ్లీమీదనే యున్నది. బెల్లము మానినది నాలుక మాత్రమే. కన్ను అంతకు రెట్టింపు ఆహరించినది. పైగా ఏదో వ్రతము పట్టినవానివలె ఇరుగుపొరుగువారికి చెప్పుకొని గర్వించితిని; ఆ గర్వమునకు పథ్యము ఏ వైద్యుడును వ్రాయలేదు.

అందుచే ఈ విషయమున నా మొగ్గు శంకరులవైపునకే. అయినను రామానుజులమాటను త్రోసివేయజాలను; గిన్నెలోనుండి బెల్లము తీసివేయనిచో కన్నుచేయు దొంగతనము నాకు తెలిసియే యుండదు.

మరునాటినుండి గింజలు గుప్పెడుకు మించి వేయించుట లేదు. పచ్చడి వడ్డించు గరిటె మా యావిడ చేతిలోనే యున్నది.