గురువునకు శిష్యుని మనస్సు

శిష్యుని బుద్ధిని కొలుచుటకు గురువులకు పరీక్షలు కలవు. అతడు దేనిని మేలని నమ్మి శాస్త్రమునకు వచ్చెనో తెలిసికొనుటకు పరీక్ష లేదు. అడుగుట యొక్కటే మార్గము, అడుగువారు అరుదు.

యల్లాప్రగడ సుబ్బారావుగారి చరిత్రమును చూడుడు. 1895లో భీమవరమున పుట్టిన ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చదువుచు, గాంధీగారి పిలుపు విని శస్త్రచికిత్సకు సైతము ఖద్దరు ధరించెను. ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డు దొరకు అది కంటగింపయ్యెననియు, వ్రాతపరీక్షలలో రాణించినను ఎం.బి.బి.ఎస్. పట్టము రాక, తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే వచ్చెననియు ఆయన జీవితకథ వ్రాసినవారు చెప్పుదురు. ఆచార్యుడు చూచినది ధిక్కారము. ఆ బట్టలోను, ఆ చదువులోను ఉన్నది ఒకే అంతరాత్మ యని మేమనుకొందుము. స్ప్రూ అను పేగుల వ్యాధి ఆయన అన్నదమ్ములను బలిగొన్నది. ఆయనను సైతము పీడించినది. ఆయన అమెరికాలో నడిపించుచుండిన లెడర్లీ పరిశోధకబృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసినట్లు ప్రకటించెను. కొలదికాలములోనే స్ప్రూ రోగులకు ఆ మందు అందెను. ఇంటి దుఃఖము మందుగా మారుటకు ఇంచుమించు ఒక తరము పట్టినది; కోటును చూచి మనిషిని తూచిన కన్ను దానిని కనిపెట్టగలదా?

మేముండు తుర్కయంజాల్ నాగార్జునసాగర్ దారిపై నున్నది. ఈ దారి వెంటనే నల్లగొండ సీమ బిడ్డలు ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు పరిశోధన నిమిత్తము పోవుదురు. ఫ్లోరైడు నీరు త్రాగి నడుము వంగిన తాతను చూచి పెరిగినవాడు తన యూరి నీటినే పరిశీలింతునన్నచో, ‘అది పాతబడిన విషయము, పేరు రాదు’ అని త్రోసివేయు గురువుండవచ్చును. ఫెలోషిప్పులో సగము ఇంటికి పంపి, సాయంత్రము ట్యూషన్లు చెప్పుకొను బాలికను చూచి ‘శ్రద్ధ చాలదు’ అనువారుండవచ్చును. వారు దుర్మార్గులు కారు. తాము నడచిన త్రోవయే రాజమార్గమని నమ్మినవారు.

అయితే సంస్కారప్రియులలో దీనికి ఎదురుతప్పు ఒకటి కలదు. మేమును దానికి లోనైనవారమే. దళితుల బిడ్డ యనగానే, పల్లెపిల్ల యనగానే, వీరికి సమాజసేవయే ప్రియమని మనమే నిర్ణయింతుము. ఆమెకు నక్షత్రముల పుట్టుకపై మక్కువ యుండవచ్చును. దానివలన ఎవరికి లాభమని ఆమెను అడుగుదుము. ధనికుని కుమారుని ఆ ప్రశ్న యెవరును అడుగరు. కులమును చూచి కోరికను ఊహించుట, ప్రేమతో చేసినను, ఊహయే.

అడిగినంతమాత్రమున నిజము వచ్చునా? సిద్ధాంతవ్యాసముపై సంతకము చేయు చేతి యెదుట నిలిచి, ఆ చేతికి ఇష్టమైన మాటయే చెప్పుట మానవసహజము. కావున గురువే ముందుగా తనకేది ప్రియమో, ఏది రుచింపదో చెప్పి, పిదప వినవలెను. విన్నది తనకు నచ్చకున్నను సంతకము ఆగదని శిష్యునకు ఆనాడే తెలియవలెను.